నీ నొసటి మీది బొగ్గు మచ్చ

ఏమయ్యా, నేను చెప్తుంటే నీ మనుమరాలు రమ్య రాస్తున్నది. నువ్వు పోయి రేపటికి ఏడాది. నీ ఫోటో పెద్దగ చేపిస్తున్నం. దాని మీదనే మా ఇద్దరికి లొల్లి అయ్యింది, ఆ పంచాయితీ నీ ముందటనే పెడుతున్న.

రమ్య ఫోటో స్టూడియోల పని చేస్తది గదా, కొత్తగ పలక అసొంటిది కొన్నది. పెద్దదానితోని చెయ్యి గుంజుతదని చిన్నదే తెచ్చుకున్నది. పలక మీద పెన్నుతోని గీస్తే గీత కంప్యూటర్ల పడుతది. మొదట్ల చెయ్యి ఒకదిక్కు, చూపు ఒకదిక్కు. పాత ఫోటోల తేమకు చెరిగిన నీ మీసం దిద్దబోతే గీత చెవి దాకా పోయింది. పడి పడి నవ్విన.

చెయ్యి కుదిరినంక ఏం చేసిందో తెలుసా? గనిల బొగ్గుపెళ్ల తాకి, నీ నొసట నీలంగ మిగిలిన మచ్చను తుడిచేసింది!

"ఇప్పుడు తాత ఎంత సక్కగున్నడో చూడు అవ్వా" అన్నది.

"ఎవడే వీడు? నా మొగుణ్ని నాకు తెచ్చియ్యి" అన్న.

"అయితే నువ్వే గియ్యి" అని పెన్ను నా చేతిల పెట్టింది. గట్టిగ ఒత్తితే ముదురుగ, మెల్లగ ఒత్తితే లేతగ పడుతదట. వేలిముద్ర తప్ప ఎరుగని చెయ్యి నాది. అయినా గీసిన, కనుబొమ్మ పొంటి, వంకరగ, నీకున్నట్టే.

మెల్లగనే ఒత్తిన. ఆ దెబ్బ తాకిననాడు నేను పసుపు పెట్టబోతే కాలనీ అంత వినేటట్టు మొత్తుకున్నవు గదా.