ఊక, ఊకో

మిర్యాలగూడ,
18-11-1993.

చి.సౌ. అహల్యకు ఆశీస్సులతో భర్త రామలింగయ్య రాయునది.

ఇక్కడ నేను కులాసా. ఉత్తరం మొదట్లో ఈ మాట లేకపోతే పోస్టుమాన్ కూడా ఒప్పుకోడు కాబట్టి రాశాను. ఆసిఫాబాదులో చలి ముదిరిందని రాశావు. సూదిమందుల పెట్టె మోసుకుని గూడేలన్నీ నడిచి తిరగకు. బస్సు దొరికితే ఎక్కు.

"వడ్ల ఊకతో ఇనుము ఎర్రబడుతుందా? మళ్ళీ ఊకదంపుడు మొదలుపెట్టావా?" అని ఎగతాళి చేశావు. ఎర్రబడుతుంది! సూదులు పొడిచే నర్సమ్మలకేం తెలుసు? బొగ్గు లారీలు సమయానికి రావడం లేదు. ఇక్కడేమో వేములపల్లి దారిపొడవునా రైస్ మిల్లుల వెనక ఊక గుట్టలు. మా సేటు సీతారామయ్యకు రైస్ మిల్లూ ఉంది, ఈ ఇనుప చువ్వల మిల్లూ ఉంది కదా. దసరాకు ముందు నన్ను పిలిచి, "గీ ఊకను గా బట్టీల పోస్తే మండదా, రామలింగం?" అన్నాడు.

ఊక పోయడానికి నేనే తొట్టి కట్టాను. దానికి తలుపు పెట్టి, బ్లోయర్‌తో ఊకను బట్టీలోకి ఊదేలా చేశాను. తడి ఊక పోస్తే పొగే మిగిలేది. ఎండిన ఊక పోస్తే ఇనుప దిమ్మెలు దానిమ్మ గింజల్లా అయ్యాయి. మొదటి చువ్వ సాగినప్పుడు ఏడ్చాను. చూడటానికి నువ్వు లేవని కూడా ఏడ్చాను. ఇప్పుడు మా చువ్వలు సూర్యాపేట, కోదాడ ఇళ్ళ స్లాబుల్లో పడుతున్నాయి.

వంట చేసుకుంటున్నావా అని అడిగావు. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించబుద్ధి కాదు. ఆదివారం మరీ కష్టం, గదిలో ఎటు తిరిగినా నేనే.

ఇప్పుడు అసలు సంగతి. నాతో బట్టీ దగ్గర పనిచేసే జంగయ్యకు మూడు వారాల కింద చెయ్యి కాలింది. బట్టీ మూత తెరిచి, పట్టకారుతో దిమ్మెను లాగుతూ, "ఊకో! ఊకో!" అని అరిచాడు. ఆపమని. నాకు "ఊక! ఊక!" అని వినిపించింది. ఇంకా ఊక కావాలేమో అనుకుని తొట్టి తలుపు పూర్తిగా తెరిచాను. మంట బయటికి దూకింది.

దవాఖానకు పోతే నా చెవిలో నోరు పెట్టి, "గాలికి మంట లేసిందని చెప్పిన. నువ్వు గూడ గట్లనే చెప్పు. లేకుంటే నీ నౌకరీ ఖతం అయితది" అన్నాడు. కాలినవాడే నాకు ధైర్యం చెప్పాడు.

అహల్యా, నాకు చెవులు వినిపించడం లేదు. మిల్లు హోరులో ఇన్నేళ్ళూ కొంచెం కొంచెంగా పోయాయి. మొహం చూస్తే పెదవులను బట్టి కొంత తెలుస్తుంది. రోగాలు చూసే మనిషివి, నీకే చెప్పలేదు. మీ దవాఖానకు ఫోన్ చెయ్యమంటే లైన్ దొరకలేదని అబద్ధాలు రాశాను. ఒకసారి దొరికింది. నువ్వు మాట్లాడుతున్నావని తెలుసు, గరగర తప్ప ఏమీ వినపడలేదు. పెట్టేశాను. ఆ రోజు మాట్లాడకుండా పెట్టేసింది నేనే.

సోమవారం జంగయ్య పనిలోకి వస్తాడు. ఆ తొట్టి తలుపు మళ్ళీ నా చేతిలో ఉంటే ఈసారి ప్రాణమే పోవచ్చు. అందుకే ఈ ఉదయం సేటు దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాను. ఆయన లేచి, కిటికీ వైపు తిరిగి, చాలాసేపు ఏదో మాట్లాడాడు. మళ్ళీ చెప్పమనడానికి సిగ్గేసింది. తల ఊపి వచ్చేశాను.

ఉండమన్నాడో, పొమ్మన్నాడో నాకు తెలియదు. సెలవు పెట్టి ఒక్కసారి రా. ఆయన్ని అడిగి, ఏమన్నాడో కాగితం మీద రాసి చూపించు.

ఇట్లు,
నీ పెనిమిటి,
రామలింగయ్య