కంచె ఇవతలి ఇసుక

పెట్రీ వీధి,
మార్చి 14, గురువారం.

గౌరవనీయులైన శాసనసభ్యులు శ్రీ కాజిమిర్ జావాడా గారి సముఖమునకు,

ఇలా రాస్తే తప్ప మీ ఆఫీసులో ఉత్తరం విప్పరట, నీ సెక్రటరీయే చెప్పింది. మర్యాద అయిపోయింది కదా, ఇక విను కాజ్, నేను అక్కని. ఇక్కడ అందరం కులాసా అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

నీ బిల్లు చదివాను. ముప్ఫై ఎనిమిది పేజీలూ, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చదివాను. పాత ఫౌండ్రీ స్థలం కొన్నవాడు అక్కడి విషపు మట్టి తీసేసి ఇళ్ళు కడితే ప్రభుత్వం సొమ్మిస్తుంది. సంతోషం! కానీ అది కంచె లోపలి మట్టికేనట. కంచె ఇవతల మా పెరళ్ళలో ఉన్నది మట్టి కాదా? ఇది రాసినవాడికి బుద్ధుందా అని తిట్టుకుంటూ చివరి పేజీ తిప్పితే నీ సంతకం కనిపించింది.

ఫౌండ్రీలో ఇనుము పోత పోసే అచ్చులకు వాడి పారేసిన నల్ల ఇసుక ఈ వీధిలో ఎవరింట్లో లేదురా? పల్లం పూడ్చడానికి అదే, టమాటా మడిలో అదే, పిల్లలు ఆడుకునే గుంటలోనూ అదే. ఊరికే వస్తోందని, మెత్తగా ఉందని ఎగబడి పోయించుకున్నాం. సాయంత్రానికి నీ మేజోళ్ళు బొగ్గులా అయ్యేవి. వాటిని ఉతకలేక అమ్మ నెత్తీ నోరూ బాదుకునేది.

పోయిన శుక్రవారం చర్చిలో చేపల వేపుడు విందుకి ఆ ఇళ్ళు కట్టే పెద్దమనిషి వచ్చాడు. ఏప్రన్ కట్టుకుని అందరికీ వడ్డించాడు, పాపం! పక్కింటి స్టెఫానియా పళ్ళెం పట్టుకుని, బాబూ, మా మనవరాలి రక్తంలో సీసం ఉందన్నారు డాక్టర్లు, మా పెరడు కూడా తవ్విస్తావా అని అడిగింది. వాడు ఆమెకి ఇంకో ముక్క వేసి, చట్టంలో లేనిది నేనేం చేయనమ్మా, మీ జావాడా గారినే అడగండి అన్నాడు. అందరూ నా వైపు చూశారు.

కిందటి నెల ఈ బిల్లు మీద విచారణలో స్టెఫానియా నిలబడి చెప్పుకుంటే, ఇసుక గేటు దాటిందనడానికి రుజువేదమ్మా అన్నారు మీ కమిటీ వాళ్ళు. గుప్పెడు కూడా దాటలేదని కంపెనీ వకీలు అడ్డంగా బొంకాడు. నువ్వు బల్ల వెనక కూర్చుని మంచినీళ్ళు తాగావు. ఆ గుంటలో పొర్లి పెరిగినవాడివి, సిగ్గుగా లేదూ? బస్సులో తిరిగొస్తుంటే స్టెఫానియా ఏడుస్తూ, ఈ పాడు ఇసుక మా ఇంటికి ఎవడు తోలాడో వాడి చెయ్యి పడిపోను అంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మంగళవారం ఓటింగు. కంచె దాటిన మట్టికి కూడా అని ఒక్క ముక్క చేర్చు. చేర్చకపోతే ఈస్టరుకి నా గుమ్మం తొక్కకు. పియరోగీ కుడుములు చేసి కుక్కకైనా పెడతాను గానీ నీకు పెట్టను.

నీ మీద కోపం దిగని
అక్క బెర్నడెట్

తా.క. రుజువు ఇన్నాళ్ళూ నా బీరువాలోనే ఉంది. ఆ పాత ఫోటో ఈ కవర్లో పెట్టాను, చూడు. స్టెఫానియా ఇంటి ముందు లారీ, తలుపు మీద కంపెనీ పేరు, నిండా నల్ల ఇసుక, స్టీరింగు దగ్గర నాన్న. ప్రతి శనివారం షిఫ్టు దిగాక ఎవరడిగినా కాదనకుండా ఆయనే తోలాడు. మంచి చేస్తున్నాననుకునే తోలాడు. పార్కుకి నువ్వు పెట్టించిన ఆయన పేరు మట్టికొట్టుకుపోతుందని ఆ రోజు విచారణలో నేను నోరు విప్పలేదు. కాబట్టి సిగ్గుపడాల్సింది నువ్వొక్కడివే కాదు.

ఇసుక మీద కూర్చుని నవ్వుతున్న నాలుగేళ్ళవాడివి నువ్వే. తమ్ముడికి ఆడుకోవడానికి ఇసుక తెమ్మని నాన్నని మొదట అడిగింది నేను. ఇంకో కాపీ తీసుకుని ఇప్పుడే స్టెఫానియా ఇంటికి వెళ్తున్నాను. మంగళవారం సభలో నువ్వు చెప్పకపోతే అందరికీ నేనే చెబుతాను.