చూడకుండా వేసే ముద్ర

వనపర్తి,
మంగళవారం.

జయపాల్ బావకు ఎస్తేరు వందనాలు.

ఈ ఉదయం శంకరయ్య కొట్టులో, ఫోనులో పంపిన పైసలు పడగానే అరిచే ఆ చిన్న డబ్బా మీద తువ్వాల కప్పి ఉంది. చెడిపోయిందా అని అడిగాను. "లేదు బిడ్డ. ఎవరెంత కొన్నరో బజారంతటికి చెప్తుంది. ఆడోళ్లు సిగ్గుపడుతున్నరు, జర నోరు మూసిన" అన్నాడు. నేను నోటే ఇచ్చి వచ్చాను. పుణెలో వానలు తగ్గి నీ జ్వరం కూడా తగ్గి ఉంటుందనుకుంటాను. ఇక్కడ అత్తమ్మ మోకాలి నొప్పి కాస్త నయం. ఇల్లు కురవడం లేదు. నేను రోజూ కాలేజీకి వెళ్ళి వస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. పెళ్ళాం ఉత్తరాలు రాస్తుందని సైటులో వాళ్ళు నిన్ను ఆటపట్టిస్తున్నారట. ఫోనులో నాకు మాట రాదు, నీకు తెలుసు. నువ్వు మూడు సంగతులు అడిగావు.

దగ్గు పోయింది.

కాలేజీలో నా ప్రసంగం బాగానే జరిగింది. దేని గురించో అర్థమయ్యేలా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. నలభై ఏళ్ళ కిందట, ఇంకా ఇళ్ళల్లో కంప్యూటర్లు అరుదైన రోజుల్లో, అమెరికాలో ఒక పరిశోధకుడికి ఒక భయం పట్టుకుంది. రేపు మనుషులంతా కంప్యూటర్ల ద్వారా డబ్బు ఇచ్చిపుచ్చుకుంటే, ఎవరు ఎక్కడికి వెళ్ళారో, ఏం కొన్నారో ఒకచోట పోగవుతుందని. జేబులో నోటుకు ఆ గుణం లేదు. అలాంటి నోటునే కంప్యూటర్‌లో చేయాలనుకున్నాడు.

దాన్ని పిల్లలకు కార్బన్ కాగితంతో చూపించాను. ఒక కాగితం మీద నేనే ఒక పెద్ద సంఖ్య రాసుకుని, కార్బన్ పెట్టిన కవరులో మూసి బ్యాంకుకు ఇస్తాను. బ్యాంకు నా ఖాతాలో సొమ్ము తగ్గించుకుని, కవరు విప్పకుండా పైనుంచి ముద్ర వేస్తుంది. ఆ ముద్ర లోపలి కాగితం మీద పడుతుంది. ఇక అది నోటే. రేపు దుకాణం నుంచి తిరిగొచ్చినప్పుడు బ్యాంకు తన ముద్రను గుర్తుపడుతుంది, నన్ను కాదు. కవరు బదులు గణితం పెట్టాడు, అంతే.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడం, గట్లయితే దొంగలకు మంచిదే గద?" అంది. తీసుకున్నవాడి పేరు బ్యాంకుకు తెలుస్తుందనీ, ఇచ్చినవాడి పేరే తెలియదనీ చెప్పాను. తర్వాత ఆ పరిశోధకుడే మరో ఇద్దరితో కలిసి ఇంకో పద్ధతి కనిపెట్టాడు. నోటును ఒక్కసారి ఖర్చు చేసినవాడి పేరు ఎప్పటికీ బయటపడదు. అదే నోటును రెండుచోట్ల ఇచ్చినవాడి పేరు దానంతటదే బయటపడుతుంది. ఇది చెబుతూ మధ్యలో ఆపి నీళ్ళు తాగాను. పిల్లలు దగ్గు వల్ల అనుకున్నారు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన పెట్టిన కంపెనీ కొన్నేళ్ళు నడిచి దివాళా తీసింది. కొన్ని బ్యాంకులు వాడి చూశాయి కానీ జనం పెద్దగా రాలేదు. "తప్పు చేయనోళ్లకు దాచుడెందుకు" అని నువ్వు అంటుంటావే, చాలామంది అలాగే అనుకుని ఉంటారు.

ఇక మూడోది. "ఫోన్ల పైసలిచ్చుడు బంద్ చేసినవేంది, ఫోను ఖరాబయిందా?" అని రాశావు. బంద్ చేసినట్టు నేను నీకు చెప్పలేదు బావా.

పోయిన నెల ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి రొట్టెలు చేస్తున్నాం. అత్తమ్మ పెనం మీది నుంచి చూపు తిప్పకుండా అడిగింది.

"కల్వకుర్తిల నీకేం పని పడ్డది?"

"కాలేజీ పని అత్తమ్మా."

"మెడికల్ దుకాణంల పెట్టిండ్రా కాలేజీ?"

ఎవరు చెప్పారని అడిగాను.

"నీ మొగుడే. ఖాతా ఇద్దరి పేర్ల మీద ఉన్నదాయె, నువ్వు ఫోన్ల యాడ పైసలిస్తే ఆ దుకాణం పేరుతోని వానికి మెసేజి పోతదంట. నాలుగు నెలల సంది చూస్తుండు. మెడికల్ దుకాణం, పండ్ల బండి, మల్ల మెడికల్ దుకాణం. మా తమ్ముని కాడికే పోతున్నవు గద?"

అత్తమ్మ మీద నాకు కోపం లేదు. అమ్మ పోయి, నాన్న తాగుతూ తిరిగిన రోజుల్లో నన్ను సాకింది ఆమె. సిస్టర్ల హాస్టల్లో చేర్పించి చదివించింది ఆమె. మన పెళ్ళికి ముందు, నాన్న గడప తొక్కనని నా దగ్గర మాట తీసుకుంది. ఆ మాట తప్పాను, అబద్ధమూ ఆడాను. నాన్న తాగుడు మానేశాడు, షుగరుతో కాలు పుండు పడింది, చూసేవాళ్ళు లేరు. అది ఆమెకూ నాకూ మధ్య సంగతి.

మర్నాడే ఆమె కల్వకుర్తి వెళ్ళి, నాన్న అద్దెగది ముందు నిలబడి, చుట్టుపక్కల వాళ్ళంతా వినేలా తిట్టి వచ్చింది. తర్వాత నేను వెళితే నాన్న మందుల సంచీ ముట్టుకోలేదు. "మా అక్క వచ్చిపోయింది బిడ్డ. ఇంక నువ్వు రాకు. నీ సంసారం ఖరాబయితది. నా కాలు నేను చూస్కుంట" అన్నాడు. కట్టు మార్చి ఎన్నాళ్ళయిందో, గది వాసన వేస్తోంది.

నాలుగు నెలలు ప్రతి ఆదివారం ఫోను చేశావు. తిన్నావా, ఏం కూర అని అడిగావు. కల్వకుర్తి మాట ఒక్కసారీ ఎత్తలేదు. నువ్వు అడిగితే నేను అబద్ధం చెప్పేదాన్ని కాదు. నా ముందు ఏమీ తెలియనట్టు, మీ అమ్మ ముందు అన్నీ తెలిసినట్టు ఉన్నావు. ఖాతా తెరిచిన రోజు, "బ్యాంకు పనులు నీకు తెల్వయి, నేను చూస్కుంట" అన్నావు. చూసుకోవడమంటే ఇదని నేను అనుకోలేదు.

నా ఒక్కదాని పేరు మీద ఖాతా తెరిచాను. వచ్చే నెల జీతం అందులో పడుతుంది. ఇంటి అద్దె ఎప్పటిలాగే నేను కడతాను.

దసరాకు సెలవు దొరుకుతుందో లేదో రాయి. వచ్చేటప్పుడు ఒక దుప్పటి ఎక్కువ తెచ్చుకో. రానన్నా వినకుండా నేనే తీసుకొచ్చాను, నాన్న శుక్రవారం నుంచి మన ఇంట్లోనే ఉన్నాడు. అత్తమ్మ మాట్లాడదు, కంచం తలుపు దగ్గర పెట్టి వెళ్ళిపోతుంది. నీ మంచం మీద పడుకుంటున్నాడు.

ఇట్లు,
నీ మేనమామ కూతురు,
ఎస్తేరు