రంగు వేయని ఫోర్కు

ఆళ్లగడ్డ, జూన్ 2

ప్రియమైన సమీవుల్లాకు,

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. మా సిరికి తపాలా ఉద్యోగం వచ్చింది. గోస్పాడు పక్కన మీ పల్లెలోనే ఉత్తరాలు పంచాలి. "మనమే రాయకపోతే ఇంగెవరు రాస్తారు నాయనా?" అని నా చేతికి కలమిచ్చింది.

జూలై ఒకటిన చేరాలి, సైకిలు తొక్కాలి. సిరి ఎడమకాలు రెండంగుళాలు పొట్టి. ఐదేళ్ల పిల్లను వెనక కూర్చోబెట్టుకుని, కబుర్లాడుతూ తొక్కి, ఆ కాలు చక్రంలో పడేలా చేసింది నేనే కదా! ఊరందరి సైకిళ్లూ బాగుచేస్తాను గానీ, నా కూతుర్ని మాత్రం సైకిలెక్కనివ్వలేదు. గోస్పాడులో చిన్నమ్మ దగ్గర దొంగచాటుగా నేర్చుకుందట.

అంగట్లో సైకిళ్లేవీ కుదరలేదు. కిందికి వంగిన ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టుకునే పొట్టి ఫోర్కు నువ్వు చెయ్యి. చక్రాలు, చైను, ఎడమ పెడలు మీద చెక్క దిమ్మ నేను చూసుకుంటాను. కొలతలు వెనక రాశాను. నువ్వు గేట్లు చేసేవాడివి. ఇది గేటు కాదు, రోడ్డు మీద పోయేది. జ్ఞాపకముంచుకో.

నీ భయస్తుడు,
ఫ్రాన్సిస్

*

నంద్యాల, జూన్ 12

ప్రియమైన ఫ్రాన్సిస్‌కు సలాం.

సరుకు బస్సులో వేశాను. ఫోర్కు పైపుల్లో ఇసుక నింపి, కాల్చి, ఒక్క నొక్కు పడకుండా వంచాను. మా ఆవిడ షమీమ్ షాపుకొచ్చి, "ఆ పిల్లకు సైకిలు జేస్తాండావా, తహసీల్దారు ఇంటికి గేటు జేస్తాండావా?" అంది. అంత నున్నగా వచ్చింది మరి! అతుకుల మీద లప్పం పెట్టి, ఆకుపచ్చ రంగు రెండుసార్లు కొట్టాను. అతుకు ఎక్కడుందో చూపిస్తే మీసం తీసేస్తాను.

సిరికి దీవెనలు.

నీ పనిమంతుడు,
సమీవుల్లా

*

ఆళ్లగడ్డ, జూన్ 16

సమీవుల్లాకు,

మీసం తీసెయ్యి. నాకు మనసొప్పక ఉప్పుకాగితంతో రంగంతా గీకాను. ఫోర్కు కాళ్లు కలిసే చోట, లప్పం కింద, వెంట్రుకంత పగులుంది. అది విరిగితే పిల్ల ముందుకే పడుతుంది. లప్పంతో ఎవరిని మోసం చేద్దామనుకున్నావు?

అన్నీ వెనక్కి పంపుతున్నాను. ఇంక నువ్వేమీ చేయొద్దు. సిరి ఆ ఉద్యోగం వద్దని రాసిచ్చేస్తుంది.

ఫ్రాన్సిస్

*

నంద్యాల, జూన్ 18

ప్రియమైన ఫ్రాన్సిస్‌కు,

మీసం తీసేశాను. షమీమ్ తలుపు తీసి, "ఎవరు గావాల?" అని అడిగింది.

తప్పు నాదే. ముప్పై ఏళ్లుగా అతుకు దాచడమే పనితనం అనుకున్నాను. గేటుకు పగులొస్తే కిర్రుమంటుంది, అంతే. మనిషి ఎక్కేదానికి లప్పం పెట్టకూడదని నాకు తట్టలేదు. సిగ్గుగా ఉంది. ఆ ఫోర్కు కోసి పారేశాను. కొత్తది చేస్తాను, రంగు ముట్టను.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఉద్యోగం వద్దన్నది సిరా, నువ్వా?

నీ సమీవుల్లా

*

ఆళ్లగడ్డ, జూన్ 30

ప్రియమైన సమీకి,

నీ ప్రశ్నకు పన్నెండు రోజులు జవాబు రాయలేకపోయాను. మొన్న పొద్దున నువ్వే మా అంగడి ముందు దిగావు. మీసం లేని మొహం, తడిసిన చొక్కా, వెనక బియ్యం మూట. నీ పాత చక్రాలు బిగించుకుని, నీ తొంభై కిలోల శరీరంతో నంద్యాల నుంచి ఆ కొత్త ఫోర్కు మీదే వచ్చావు. "దావలో ఒక్క గుంత గూడా ఇడిసిపెట్టలేదప్పా. ఇప్పుడు సూసుకో" అన్నావు. భూతద్దం పెట్టి గంట సేపు వెతికాను. ఏమీ లేదు.

నీ ముందు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు పగులు కనబడగానే నాకు సంతోషమేసింది. ఇంక సిరి సైకిలెక్కదు కదా అనుకున్నాను. ఉద్యోగం వద్దన్నది నేనే. సిరి నా మొహం చూసే కనిపెట్టింది. "కాలు పోగొట్టినావని నేనెప్పుడన్నా అన్న్యానా నాయనా? ఇప్పుడు ఉద్యోగం పోగొడితే మాత్రం అంటా" అంది.

చక్రాలు బిగించి, దిమ్మ కట్టి ఇచ్చాను. రేపు చేరుతుంది. ఈ ఉత్తరం షాపుకు కాకుండా మీ పల్లె ఇంటికి రాస్తున్నాను. ఎందుకో నీకు తెలుసు. అందగానే రాయి, నాకు అన్నం సహించడం లేదు.

నీ ఫ్రాన్సిస్

*

గోస్పాడు దగ్గర మా పల్లె, జూలై 4

ప్రియమైన ఫ్రాన్సిస్‌కు,

కడుపునిండా అన్నం తిను. నీ ఉత్తరం అందింది. గంట మోగితే బయటికొచ్చాను. సిరి! కుడికాలు ఆనించి, నవ్వుతూ నిలబడి ఉంది. "చిన్నాయనా, నాయన రాసినాడు" అని కవరు చేతికిచ్చింది. షమీమ్ ఏడ్చింది, నేను కళ్లలో దుమ్ము పడిందన్నాను. టీ తాగి పొమ్మంటే, "ఇంగా పదకొండు ఇండ్లుండాయి" అంది.

వానలొస్తున్నాయి, తుప్పు పడుతుంది, ఆదివారం రంగు కొడతానమ్మా అన్నాను. ఒప్పుకోలేదు.

"వద్దు చిన్నాయనా. ఆముదం పూస్తాండా, సాలు. ఆదివారం ఆళ్లగడ్డకు దీని మీదనే పోతా. నాయన సూసుకోవాల గదా."

భూతద్దం తుడిచి పెట్టుకో. ఈ ఉత్తరం కూడా రేపు సిరి వస్తే తన సంచిలోనే వేస్తాను.

మీసం మొలుస్తున్న నీ
సమీవుల్లా