పద్నాలుగో మంచం ఫొటో

ఫిబ్రవరి 3

పొడుగోడు మా మెడికల్ కాలేజీ బ్యాచ్ అందరి ఫోన్లలోనూ ఒక కొత్త యాప్ ఎక్కించాడు. రోజుకోసారి, ఎప్పుడో తెలీదు, బెల్ మోగుతుంది. మోగిన రెండు నిమిషాల్లో ఫొటో తీసి పెట్టెయ్యాలి. ముందు కెమెరాలో మన మొహం, వెనక కెమెరాలో మనకెదురుగా ఏముంటే అది, రెండూ ఒకేసారి. ఫిల్టర్లు లేవు, ముస్తాబుకి టైమ్ లేదు. నిజమైన సోషల్ మీడియా అంటే ఇదేనని వాడి ఉపన్యాసం. మిగతా వాటిల్లో వాడు పెట్టేవన్నీ జిమ్ ఫొటోలే, అది వేరే సంగతి.

నాకు మాత్రం నచ్చింది. సొంత మొహం పెట్టుకుని తిరగడానికి ఒక్క చోటైనా ఉండాలిగా. నిన్న కమ్యూనికేషన్ క్లాసులో, పేషెంటు వేషం వేసినావిడకి క్యాన్సర్ అని చెప్పాలి. ఆవిడ మొహం చూసేసరికి నాకు నిజంగానే ఏడుపొచ్చింది. పదికి నాలుగు. కంట్రోల్ లేదని పక్కన రాశారు. పొడుగోడు తల కాస్త పక్కకి వంచి, కాసేపు ఆగి, మీ బాధ నాకర్థమవుతోందని చెప్పాడు. పదికి తొమ్మిది. బయటికొచ్చాక క్యాంటీన్లో ఏముందో కనుక్కున్నాడు.

ఫిబ్రవరి 6

పద్నాలుగో మంచం ఆవిడ టైలర్. గుండెలో వాల్వు పాడైంది. వచ్చే వారం ఆపరేషన్. అంత స్పష్టమైన మర్మర్, అంటే గుండెలో వినిపించే అదనపు చప్పుడు, మళ్ళీ దొరకదట. ఆపరేషన్ అయితే ఆ చప్పుడు పోతుంది కాబట్టి ఈలోగా అందరూ వినేసి రమ్మని ప్రొఫెసర్ ఆర్డర్. ఇంకేం, మంచం దగ్గర సినిమా టిక్కెట్ల క్యూ. ఇలాంటివాళ్ళని మేం మంచి కేసు అంటాం. మంచి మాకన్నమాట.

మేం అడక్కుండానే గౌను బొత్తాలు విప్పేస్తోంది. చప్పుడు ఎలా ఉందని నన్నడిగింది. సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టుందన్నాను. పడీపడీ నవ్వి ఆయాసం తెచ్చుకుంది. ఇంతమంది విన్నారు గానీ ఒక్కరూ చెప్పలేదంది. ఆంటీ వద్దట, పిన్నీ అనమంది.

ఫిబ్రవరి 8

పిన్ని ఒక పని చెప్పింది. ఫొటో తీయాలి. వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలికి చిన్న ట్రీట్‌మెంటని చెప్పి వచ్చిందట. ఆ చెల్లెలు ఊరికే కంగారుపడే మనిషి. తల దువ్వుకుని, ముక్కులో గొట్టం కాసేపు తీసేసి, ఆరోగ్యంగా ఉన్నట్టు ఒక్క ఫొటో పంపిస్తే ఊరుకుంటుందట. పిన్నిది బటన్లు నొక్కే పాత ఫోను. దాన్లో కెమెరా లేదు. చెల్లెలి దగ్గరున్న తన ఫొటో ఎప్పుడో దాని పెళ్ళిలో తీసిందట, అందులోనూ పక్కకి తిరిగి ఉందట.

నేను తక్కువ తిన్నానా. ఉన్నది ఉన్నట్టు చెబితేనే మంచిది కదా పిన్నీ అని క్లాసు పీకాను. పైగా వార్డులో పేషెంట్ల ఫొటోలు తీయకూడదని రూలు. చూద్దాంలే అన్నాను.

ఫిబ్రవరి 10, మధ్యాహ్నం

పిన్ని చుట్టూ మా బ్యాచ్ అంతా చేరి వింటుండగా బెల్ మోగింది. రూలు గుర్తొచ్చింది. కానీ ఇది పేషెంటు ఫొటో కాదుగా, నా ఫొటో, ఎదురుగా ఆవిడుందంతే. తీసి పెట్టేశాను. కింద, మర్మర్ నంబర్ వన్ అని రాశాను.

ముందు కెమెరాలో నేను, కళ్ళకింద నలుపుతో. వెనక కెమెరాలో పిన్ని మొహం, ఛాతీ మీద మావాళ్ళ చేతులు. ముక్కులో గొట్టం పక్కకి జరిగి ఉంది. ఒక చెయ్యి పైకెత్తింది. నీళ్ళు కావాలేమో. నర్సు చూసుకుంటుందిలే అని క్లాసుకి పరిగెత్తాను. లైకులు బాగా వచ్చాయి. చాలా రియల్ అని ఒకమ్మాయి రాసింది.

ఫిబ్రవరి 11

ఎవరో స్క్రీన్‌షాట్ తీసి పైకి పంపారు. వైస్ ప్రిన్సిపల్ పిలిచి, తన ఎదురుగానే డిలీట్ చేయించారు. ఫోన్లో కూడా ఎక్కడా మిగలకుండా చూసుకున్నారు. ఆ పేషెంటు కంప్లైంట్ ఇస్తే నా చదువు ఇక్కడితో సరి అన్నారు. ఇవ్వకపోతే, పేషెంటు గౌరవం గురించి ఏం నేర్చుకున్నానో రిఫ్లెక్షన్ అని ఒక వ్యాసం రాసిస్తే సరిపోతుందట. నిజాయితీగా రాయాలట.

ఇంట్లో చెప్పలేదు.

ఫిబ్రవరి 12

రౌండ్స్‌లో పిన్ని నా చెయ్యి పట్టుకుని, మొన్నటి ఫొటో ఎలా వచ్చిందని అడిగింది. అంటే ఈవిడ దాకా వచ్చిందన్నమాట, ఇంక కంప్లైంటే. పక్కనే ప్రొఫెసర్ కూడా ఉన్నారు. ఏ ఫొటో పిన్నీ, నేనేం తీయలేదే అన్నాను. తల కాస్త పక్కకి వంచి మరీ అన్నాను.

పిన్ని నా మొహం కాసేపు చూసి, సరేలే అంది. బొత్తాలు పెట్టుకుంది.

ఫిబ్రవరి 14

పిన్ని ఆపరేషన్ బల్ల మీదే పోయింది.

ఫిబ్రవరి 15

పద్నాలుగో మంచం దగ్గర ఒకావిడ దుప్పటి మడతపెడుతోంది. ముక్కు, గడ్డం అచ్చం పిన్నివే. చెల్లెలు. నా తెల్లకోటు చూసి ఆపింది.

పదో తారీఖు సాయంత్రం అక్క ఫోన్ చేసిందట. పిన్నీ అని పిలిచే డాక్టరమ్మాయి ఒకతి ఉందట, ఫొటో తీయమంటే చూద్దామందట, చెప్పాపెట్టకుండా తీసేసిందట. ఆ పిల్ల ఫోనెత్తగానే అక్క గొట్టం పక్కకి జరుపుకుని, చేత్తోనే గబగబా జుట్టు సవరించుకుందట. అందరూ మీదపడి ఉంటే ఎలా పడ్డానో ఏమో అని ఫోన్లో ఒకటే నవ్వట. తర్వాత మళ్ళీ చేసి, అది రాలేదులే, ఇంటికొచ్చాక తీయించుకుంటానందట.

ఫొటో మసగ్గా ఉన్నా పర్లేదు, ఆ అమ్మాయెవరో కాస్త చెబుతారా అని అడిగింది చెల్లెలు.

నోటిదాకా వచ్చింది. పిన్నీ అనబోయాను. తెలీదు మేడమ్ అన్నాను.

ఆవిడ థాంక్స్ చెప్పింది. దుప్పటి ఆస్పత్రిదని నర్సు చెబితే తిరిగి మంచం మీద పెట్టి వెళ్ళింది.

ఫిబ్రవరి 16

ఫోన్ మొత్తం వెతికాను. ట్రాష్, బ్యాకప్, అన్నీ. స్క్రీన్‌షాట్ తీసినవాళ్ళెవరో చెబితే కాళ్ళు పట్టుకుంటానని గ్రూపులో పెట్టాను. ఇంకా పగ పోలేదా అని పొడుగోడు నవ్వే బొమ్మ పెట్టాడు. ఒక్కరూ పలకలేదు.

ఫిబ్రవరి 24

నా రిఫ్లెక్షన్‌కి పదికి పది. పేషెంటు కళ్ళల్లోకి చూడటం నేర్చుకున్నానని రాశాను అందులో. ఇంత నిజాయితీగా ఈమధ్య ఎవరూ రాయలేదట. జూనియర్లకి చదివి వినిపించారు. నన్ను నిలబెట్టారు. చప్పట్లు.

పద్నాలుగో మంచానికి కొత్త కేసు వచ్చింది. మంచి మర్మరేనట. వెళ్ళి విన్నాను. ఏమీ చెప్పలేదు.

ఫిబ్రవరి 25

బెల్ మోగింది. ఫోనెత్తాను. చెయ్యి దానంతటదే జుట్టు మీదికి పోయింది.

తీయలేదు.