తెల్లప్యాంటు మీద నూనె

శుక్రవారం

పాత సెలైన్ పైపూ, ఖాళీ మందు సీసా కట్టి, మనవరాలి మొగుడు సూరిబాబు బండి చైనుకి నూనె చుక్కచుక్కగా పడే ఏర్పాటు చేశాను. పైసా ఖర్చు లేదు.

"తాతగారండీ, మీరు ఇంజనీరు అవ్వాల్సిందండీ!" అన్నాడు తెల్లప్యాంటు దులుపుకుంటూ. ఆ ప్యాంటు చూసి నాకు చెయ్యి దురద పుట్టింది. వాడు కాఫీ తాగుతుంటే పైపు మీద చుక్కలు తగ్గించి పెంచే చిన్న చక్రం పూర్తిగా వదిలేశాను. ప్యాంటు నల్లబడితే నవ్వుదామనుకున్నాను. నూనె టైరు మీదికి కారి, వాడు కాలవ మలుపులో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

"నేనే ఏదో కదిపేసుంటానండి," అన్నాడు ఆసుపత్రిలో.

"నీకు ఎడ్లబండే ఎక్కువరా," అన్నాను. అందరూ నవ్వారు.

వాడికి సెలైన్ పెట్టారు. మనవరాలు మందులకి వెళ్తూ, "తాతయ్యా, ఆ చుక్కలు నువ్వే చూస్తుండు. నీకైతే బాగా తెలుసుగా," అంది.