గెడ కింద పెద్దక్క

కొంటా
చిరంజీవి కిరణ్‌కు పెద్దక్క ఆశీస్సులు.
ఫోన్లో నీ మాట సగమే వినపడుతుంది కనుక రాస్తున్నాను. పోయినేడు భజన బృందంతో భద్రాచలం నడుస్తూ, షుగర్ పడిపోయి దారిలోనే జీపెక్కాను. ఈసారి నడిచే వెళ్ళి రామయ్యను చూడాలి. డాక్టరమ్మ ఒంటికి ఇన్సులిన్ పంపు పెట్టుకోమంది. చేతికున్న షుగర్ సెన్సర్‌ను చూసి ఫోనే మోతాదు తగ్గిస్తుందట, పెంచుతుందట. రెండు పంపులు చూపించింది. చిన్నది ముద్దుగా ఉంది, కానీ ఫోను చెప్పినట్టు వినదు. పెద్దది వింటుంది. ఏది తీసుకోను?
జ్ఞానప్రసూన
తా.క.: చిన్నదానికి గులాబీరంగు కవరుంది. ఊరికే చెబుతున్నాను.

కిరండూల్
పెద్దక్కకు నమస్కారాలు.
రంగు చూసి కొనడానికి అవేమైనా గాజులా? ఫోను చెప్పినట్టు వినేదే తీసుకో! నీ ఫోను దానికి సరిపోతుందో లేదో డాక్టరమ్మకు చూపించు. ఫోను ఎప్పుడూ నీ పక్కనే ఉండాలి సుమా!
తమ్ముడు కిరణ్‌కుమార్
తా.క.: నీ మరదలూ ఇదే అంటోంది. పెళ్ళయ్యాక మేమిద్దరం ఒక్కమాట మీదకు రావడం ఇదే మొదలు.

కొంటా
కిరణ్‌కు దీవెనలు.
పెద్దదే తీసుకున్నాను. ఫోను సరిపోయింది. సిగ్నల్ కోసం దాన్ని పెరట్లో వెదురు గెడకు వేలాడదీస్తాం కదా, నువ్వన్నట్టు దాని పక్కనే ఉంటున్నాను. మంచం, పొయ్యి, పూజ అన్నీ అక్కడే. పక్కింటి వెంకమ్మ, "ఏందక్కా, బావ ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిండా?" అంది. మన కొట్లో బస్తాలు మోసే ముసలయ్య భద్రాచలం దాకా గెడ మోస్తానన్నాడు. నేను కిందే నడుస్తాను.
పెద్దక్క
తా.క.: గెడకు జెండా కడతాడట. ఉత్త ఫోను మోస్తే నలుగురూ నవ్వుతారట.

కిరండూల్
అక్కా! ముందు ఆ గెడ దింపు!
పంపుతో మాట్లాడటానికి ఫోనుకు టవరు అక్కర్లేదు. రెండూ దగ్గరగా ఉంటే చాలు. నడుముకు సంచీ కట్టి అందులో పెట్టుకో. ఒక్క క్షణం కూడా వదలకు. దారిలో మళ్ళీ పడిపోతే నా గుండె ఆగుతుంది.
కిరణ్
తా.క.: ముసలయ్యకు వేరే పని చెప్పు తల్లీ!

భద్రాచలం
కిరణ్‌కు రామయ్య సన్నిధి నుంచి ఆశీస్సులు.
నడిచే వచ్చాను. చింతూరు దాటాక షుగర్ దిగబోతే ఫోనే ఇన్సులిన్ ఆపింది. బెల్లం ముక్క నోట్లో వేసుకుని కాసేపు కూర్చుని లేచాను.
గుడి గుమ్మం దగ్గర ఫోన్లు లోపలికి వద్దన్నారు. ఇచ్చేశాను. కంగారుపడకు. నీకు రాయక ముందే డాక్టరమ్మను ఒక్కటే అడిగాను: "గుడి బయట ఫోను వదిలితే పంపు ఏం చేస్తుంది?" "నేను పెట్టిన మామూలు మోతాదు తనే ఇస్తూ ఉంటుంది" అంది. ఆ మాటతోనే పెద్దదాన్ని ఖాయం చేసుకున్నాను. గెడ అక్కర్లేదన్న సంగతి మాత్రం నిజంగా తెలియదు.
దర్శనం నిలబడి చేసుకున్నాను. కళ్ళు తిరగలేదు, తడిశాయి.
పెద్దక్క
తా.క.: ముందే ఖాయం చేసుకుంటే నన్నెందుకు అడిగావంటావు. మూడేళ్ళుగా నీ దగ్గర్నుంచి ఉత్తరం ముక్క లేదు. ఇప్పుడు రెండొచ్చాయి.